దుమ్ముల దొరసాని పైకే చదువుతుంది

మా ఊరి ఆఫీసులో రికార్డు గది ఎక్కడని అడిగితే, "తుమ్ము వినబడ్డ వైపు వెళ్ళండి" అంటారు. మెట్ల కింద చిన్న తలుపు. తల వంచి లోపలికి వెళ్ళాలి. వంచనివాళ్ళకు ద్వారబంధమే మర్యాద నేర్పుతుంది. నా నుదురు రెండుసార్లు నేర్చుకుంది.

లోపల మూడు గోడలకూ ఇనుప అరలు. అరల నిండా గుడ్డ అట్టల రిజిస్టర్లు, వాటి వీపుల మీద ఏ ఏటివో రాసి అంటించిన తెల్లకాగితాలు. పుట్టినవాళ్ళు ఎడమ గోడకు, పోయినవాళ్ళు కుడి గోడకు, ఇళ్ళూ రోడ్లూ పనులూ ఎదురు గోడకు. మధ్యలో ఒక బల్ల, ఒక లైటు, ఒక కాలు కురచైన స్టూలు. ఆ కురచ కాలి కింద మడతపెట్టిన అట్టముక్క. ఊరు ఊరంతా ఆ గదిలో ఉంటుంది. అడగడం తెలిసినవాళ్ళకు పలుకుతుంది.

అడగడం తెలిసిన మనిషి ఆ స్టూలు మీద కూర్చుంటుంది. ఆఫీసులో ఆమెకు పెట్టిన పేరు దుమ్ముల దొరసాని. వెక్కిరింతకే పెట్టారు. ఆమె విని, "జీతం పెంచకపోయినా హోదా పెంచారు, సంతోషం" అంది. ఆ పేరు అలాగే నిలిచిపోయింది.

మా వీధి చివర గదిలోనే ఆమె కాపురం. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు నా అరుగు దాటి పోవాలి. అడగకపోతే నాకు తిన్నది అరగదు, చెప్పకపోతే ఆమెకు నిద్ర పట్టదు. అందుకే ఆమె కథ నాకు మొదటినుంచీ తెలుసు.

ముప్పై ఏళ్ళ కిందట ఆమె ఆ ఆఫీసులో చేరింది నీళ్ళు మోయడానికి. చదువు మూడో తరగతి, అదీ వాడక తుప్పుపట్టింది. అప్పట్లో రికార్డు గది మేడ మీద ఉండేది. చేరిన పదో ఏట పెద్ద వాన కురిసి కప్పు కారింది. పొద్దున తలుపు తీసేసరికి నలభై రెండు రిజిస్టర్లు ముద్దలై ఉన్నాయి. అప్పటి ఆఫీసరు ముక్కు మూసుకుని, "ఇంకేం పనికొస్తాయివి? ఊరవతల పారేయండి" అన్నాడట.

బిందె దించి ఆమె అంది: "పారేస్తే ఊళ్ళోవాళ్ళు ఎప్పుడు పుట్టారో ఎవరు చెబుతారు సార్?"

"నువ్వు చెబుతావా?"

"ఆరబెట్టి చెబుతాను."

నవ్వి వదిలేశారు. ఆమె రెండు నెలలపాటు, నీళ్ళు మోయడం అయ్యాక, ఒక్కొక్క రిజిస్టరే డాబా మీదికి మోసింది. అంటుకుపోయిన కాగితాలను తలపిన్నుతో విడదీసింది. ఒక్కో పుటకూ ఒక్కో గులకరాయి బరువు పెట్టింది. ఊడిపోయిన కాగితాల్లో ఏది దేని తరవాతదో తెలియాలంటే చదవాలి కదా. కూడబలుక్కుని, అక్షరం అక్షరం నోటితో పలికి చదివింది. అక్కడ పట్టుకున్న చదువు మళ్ళీ ఆమెను వదల్లేదు, నోరూ ఆ చదువును వదల్లేదు. ఈనాటికీ ఆమె కళ్ళతో చదవలేదు. పైకే చదువుతుంది.

గుమాస్తాలకు అది పెద్ద వినోదం. కౌంటరు దగ్గర కంప్యూటరు నొక్కే ఆయన మరీను.

"మెల్లగా చదువు దొరసానీ, పోయినవాళ్ళు లేచి కూర్చుంటారు!"

"లేస్తే మంచిదే బాబూ. వాళ్ళ కాగితం వాళ్ళకే ఇచ్చి సంతకం పెట్టించుకుంటాను."

ఆమె దగ్గర ఇంకో పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళను తేదీ అడగదు. "తేదీలు అబద్ధమాడతాయి అక్కా, గొడవలు అబద్ధమాడవు" అంటుంది. ఒకసారి ఒక ముసలాయన తన పక్కింటి ప్రహరీ ఎప్పుడు కట్టారో తేలక తల పట్టుకుని వచ్చాడు. ఈమె అడిగిన ప్రశ్న, "ఆ గోడ లేచినప్పుడు మీ ఆవిడ ఏమంది?" అని. వంటింట్లోకి గాలి రాకుండా చేశారని పక్కింటివాళ్ళ మీద అరిచిందట, ఆఫీసులో అర్జీ కూడా ఇచ్చిందట. ఇంకేం, అర్జీల రిజిస్టరు తీసింది, గోడ దొరికింది. ముసలాయన తన భార్య తిట్లు ప్రభుత్వంవారి కాగితం మీద చూసుకుని మురిసిపోయి వెళ్ళాడు.

ఇక కిందటేటి సంగతి. నేను ఈ కథ మొదలుపెట్టిందే దాని కోసం.

మా ఎదురింటి పిల్లను అందరం బుల్లి అంటాం. నర్సు చదువు చదివింది. పెద్దాసుపత్రిలో ఉద్యోగానికి పరీక్ష రాసి గట్టెక్కింది. ఒక సోమవారం ఉత్తరం వచ్చింది. పోస్టుమాను చేతిలో కవరు దళసరిగా కనిపిస్తే నేను ఇంట్లో కూర్చోలేను, వాళ్ళకంటే ముందు వాళ్ళ గుమ్మంలో నేనే ఉన్నాను. శనివారం పన్నెండు గంటల్లోపు పుట్టిన సర్టిఫికెట్టు తెచ్చి చూపించాలి, చూపించకపోతే జాబితాలో తరవాతి మనిషిని పిలుస్తారు. అదీ ఉత్తరం.

బుల్లి తండ్రి తాపీమేస్త్రీ. పిల్ల నాలుగో తరగతిలో ఉండగా పోయాడు. పనిమంతుడు. కాని మాటలు నమలకుండా మింగేవాడు. "ఎక్కడికి?" అంటే నోట్లోంచి ఇంత గాలి వచ్చేది, అది బజారో పనో మనమే తేల్చుకోవాలి. ఆయన పోయాక తల్లి నాలుగిళ్ళలో వంట చేసి పిల్లను చదివించింది. ఆ ఉత్తరం కోసం ఆ ఇల్లు ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఎదురింట్లో ఉన్నదాన్ని, నాకు తెలుసు.

బడిలో రాసిన తేదీ ఉంది. కాని మా బడి పంతులుగారు చేరిన పిల్లలందరికీ బడి తెరిచిన రోజే పుట్టినరోజని రాసేవారు. ఆయన లెక్కన మా ఒక్క వీధిలోనే పదకొండుమంది ఒకే రోజు పుట్టారు. ఆసుపత్రివాళ్ళకు ఆ కాగితం చాలదు.

మంగళవారం బుల్లి, తల్లి, నేను కౌంటరు దగ్గర నిలబడ్డాం. నన్నెవరూ పిలవలేదు, నేనే వెళ్ళాను. కంప్యూటరాయన పేరు కొట్టాడు, తేదీ కొట్టాడు, పెదవి విరిచాడు.

"రికార్డు లేదమ్మా."

"అంటే నేను పుట్టలేదా?" అంది బుల్లి.

"దీని ప్రకారం ఇంకా లేదు."

నవ్వొచ్చే మాటే, ఎవరికీ నవ్వు రాలేదు. నేను బుల్లి చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి లాక్కెళ్ళాను. తుమ్ము అక్కడినుంచే వినిపిస్తోంది.

దొరసాని బుల్లి తల్లిని స్టూలు మీద కూర్చోబెట్టి, తాను నిలబడి అడిగింది.

"ఈ పిల్ల పుట్టిన రోజు మీ ఆయన ఎక్కడున్నాడమ్మా?"

"పనిలో. కొత్త బస్టాండు కప్పు పోస్తున్నారు. మధ్యలో ఆపకూడదని, కబురు పంపినా రాలేదు. చీకటి పడ్డాక వచ్చాడు, చేతులకు సిమెంటుతోనే. ఆ చేతులతో పిల్లను ముట్టుకోవద్దని మా అత్తగారు తలుపు దగ్గరే ఆపింది."

"చాలు" అంది దొరసాని. "ఊళ్ళో బస్టాండు ఒక్కటే. దానికి కప్పు ఒక్కసారే పోశారు."

ఎదురు గోడ అరలోంచి పనుల రిజిస్టరు తీసింది. బుధవారం మధ్యాహ్నానికి బస్టాండు కప్పు పోసిన నెల దొరికింది, తేదీ మాత్రం రాయలేదు. బడి తేదీకీ దానికీ ఏడు నెలల తేడా! ఆ నెలదీ తరవాతి నెలదీ జననాల రిజిస్టరు దించి బల్ల మీద పెట్టింది. కొందరు ఆలస్యంగా వచ్చి రాయిస్తారు కదా, అందుకని రెండు నెలలు.

గురువారం కంప్యూటరాయనకు జాలి కలిగింది. స్వతహాగా మంచివాడే. "ఇలా తే దొరసానీ, నేను చూస్తాను. నువ్వు చదివి ముగించేసరికి ఆ పిల్లకు పింఛను వస్తుంది" అని రిజిస్టరు తీసుకుని, వేలు తడి చేసుకుంటూ నలభై నిమిషాల్లో రెండు నెలలూ తిప్పేశాడు.

"ఈ పేరు లేదు. తండ్రి పేరుతో ముగ్గురు తగిలారు గాని ఒకళ్ళకు మగపిల్లవాడు, మిగతా ఇద్దరి పిల్లల పేర్లు వేరే."

బుల్లి తండ్రి పేరు అలాంటిది. మా ఊళ్ళో ఆ పేరు పెట్టి కేకేస్తే వీధికి ఇద్దరు పలుకుతారు.

ఆ సాయంత్రం బుల్లి తల్లి నా అరుగు మీద కూలబడింది. "అసలు ఆయన రాయించాడో లేదో పిన్నీ. వెళ్ళానన్నాడు. ఏమన్నాడో నాకేం వినబడింది గనక? ఆ మనిషి మాట..."

బుల్లి అప్పటిదాకా గుడ్ల నీళ్ళు కుక్కుకుని ఉంది. ఆ మాటకు చివాల్న లేచింది.

"ఇటుక ఒక్కటి వంకర పోయిందని కట్టిన గోడ కూల్చి మళ్ళీ కట్టేవాడమ్మా నాన్న. అలాంటివాడు నన్ను రాయించడం మరిచిపోతాడా? ఉద్యోగం పోతే పోనీ. ఆ మాట మాత్రం అనకు."

ఆ పిల్లకు ఉద్యోగం ఎంతో తండ్రి కూడా అంతేనని నాకప్పుడు తెలిసింది. వీధి చివరికి వెళ్ళి దొరసాని తలుపు తట్టాను.

"ఏమే, ఆ రిజిస్టరు నువ్వు చదివావా?"

"ఆయన చూశాడుగా అక్కా."

"ఆయన చూశాడు. నువ్వు చదివావా అంటున్నాను."

ఆమె నా మొహంలోకి చూసి, "పొద్దున్నే రా" అంది.

శుక్రవారం ఎనిమిదికల్లా ఆ గదిలో ఉన్నాం. ఆమె మొదటి పుట నుంచి పట్టింది. పుట్టిన తేదీ, ఆడో మగో, పేరు, తండ్రి, తండ్రి పని, ఇంటి నంబరు. ఒక్క గడి వదలకుండా పైకి చదివింది. పదకొండయ్యేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది, నాకు కునుకు పట్టింది.

"ఆడ. పేరు మాయమ్మ. తండ్రి..." అని మేస్త్రీ పేరు చదివి, "పని తాపీ" అని ఆగింది.

"ఎవరో మాయమ్మలే, ముందుకు పోనీ" అన్నాను కళ్ళు తెరవకుండా.

ఆమె పోలేదు. మళ్ళీ చదివింది. "మాయమ్మ. మాయమ్మ." మూడోసారి వేగంగా అంది. స్టూలు నా వైపు తిప్పింది.

"అక్కా, నీ చెవి కమ్మలు ఎవరివి?"

"ఇప్పుడు కమ్మల సంగతెందుకే?"

"చెప్పు, ఎవరివి?"

"ఎవరివేమిటి, మాయమ్మవి" అన్నాను.

అని, తెరిచిన నోరు మూయడం మరిచిపోయాను.

మా అమ్మ అని విడదీసి ఎవరంటారు? పుస్తకంలో అంటారు. నోటికి వచ్చేసరికి మాయమ్మే. బుల్లికి ఆమె తండ్రి పెట్టింది తన తల్లి పేరు. గుమాస్తా తలెత్తకుండా "పిల్ల పేరు?" అని అడిగి ఉంటాడు. మేస్త్రీకి కన్నతల్లి పేరు నలుగురిలో నోటితో పలకడానికి బిడియం. "మాయమ్మ పేరే" అని ఉంటాడు. చివరి ముక్క అలవాటు ప్రకారం మింగేసి ఉంటాడు. గుమాస్తా చెవిలో పడ్డది మాయమ్మ. కాగితం మీద పడ్డదీ మాయమ్మ. ఇరవై మూడేళ్ళుగా మా బుల్లి ఆ ఎడమ గోడకు మాయమ్మ పేరుతో కూర్చుని ఉంది.

"పిచ్చి మేస్త్రీ" అంది దొరసాని. కళ్ళు తుడుచుకుంది. దుమ్మని అంది.

అంతటితో ఆగితే ఆమె దొరసాని ఎందుకవుతుంది? తల్లి పేరున్న గడిలో సిరా ఆనాటి వానకు పారి నీలిమరక అయింది, అది సాక్ష్యానికి పనికిరాదు. ఇంటి నంబరు ఉంది గాని పాతది. తరవాత ఊరంతా నంబర్లు మార్చారు. ఆమె ఎదురు గోడ నుంచి ఇళ్ళ రిజిస్టరు తీసి, ఆ పాత నంబరు మా ఎదురిల్లేనని చూపించింది. తరవాత కుడి గోడకు తిరిగింది. బుల్లికి రెండేళ్ళప్పుడు వాళ్ళ నాయనమ్మ పోయింది. ఆ పుట దొరకడానికి సాయంత్రం నాలుగయింది. పోయిన మనిషి పేరు గడిలో అచ్చంగా బుల్లి అసలు పేరే ఉంది. అదే పాత నంబరు. చెప్పి రాయించినది: కొడుకు, తాపీ పని.

ఆ రోజు పెద్దాఫీసరు ఊళ్ళో లేరు.

శనివారం పదిన్నరకు వచ్చారు. అప్పటికి మేం ఆయన గది ముందు బెంచీ నింపేశాం. తెలిసినవాళ్ళు ఇద్దరు సంతకం పెట్టాల్సి వస్తుందని దొరసాని ముందే చెప్పింది. ఒకదాన్ని నేను. రెండో మనిషిగా మా పక్కింటి గడియారాల షాపాయన్ని షాపు తెరవనివ్వకుండా లాక్కొచ్చాను. ఆయనకు గంట చెప్పే జబ్బుంది. "పదీ ముప్పై ఆరు" అన్నాడు కూర్చుంటూనే.

పెద్దాఫీసరు జననాల పుట చూశారు. కొత్తాయన, నెమ్మదస్తుడు.

"పేరు వేరేగా ఉందమ్మా. ఇది మీ అమ్మాయిదేనని నేను ఎలా రాసిచ్చేది?"

దొరసాని మూడు రిజిస్టర్లూ విప్పి బల్ల మీద పరిచింది.

"సార్, ఆ పేరు ఒక్కసారి పైకి చదవండి."

"చూశానమ్మా."

"చూశారు సార్. చదవండి. ఇంట్లో మాట్లాడుకున్నట్టు."

గుమ్మం దగ్గర కంప్యూటరాయన నాలుక కరుచుకున్నాడు. పెద్దాఫీసరు ఆమె వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని అన్నారు: "మాయమ్మ."

"'పేరే' అని చేర్చండి సార్."

"మాయమ్మ పేరే..." అని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తరవాత కుడివైపు రిజిస్టరు దగ్గరకు లాక్కుని నాయనమ్మ పేరు మీద వేలు పెట్టారు. బుల్లి దరఖాస్తులో పేరు చూశారు. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు.

"నేనూ అలాగే అంటానమ్మా. ఫోనులో ఇప్పుడే అన్నాను, మాయమ్మకు ఒంట్లో బాగోలేదని."

"పదకొండూ ఎనిమిది" అన్నాడు షాపాయన.

రాయడంలో జరిగిన పొరపాటు, సాక్ష్యం ఉంది, దిద్దవచ్చు అని పెద్దాఫీసరు ఆదేశం రాశారు. సాక్షులం ఇద్దరం సంతకాలు పెట్టాం. నేను ఐదో తరగతి నాటి గుండ్రటి అక్షరాలతో నా పేరు పూర్తిగా రాశాను. ఇక రిజిస్టరు అంచులో దిద్దుబాటు రాయాలి. ఎప్పుడూ రాసే గుమాస్తా సెలవులో ఉన్నాడు. పెద్దాఫీసరు కలం మూత తీసి, దొరసాని వైపు చాపారు.

"నువ్వే రాయమ్మా. కింద నేను సంతకం పెడతాను."

ఆమె వెనక్కి చూసింది, ఇంకెవరితోనో అంటున్నారేమోనని. ఇరవై ఏళ్ళుగా ఆ రిజిస్టర్లను దులిపింది, ఆరబెట్టింది, కుట్టింది, మోసింది. వాటిలో ఒక్క చుక్క పెట్టే అధికారం ఆమెకు లేదు, ఏనాడూ పెట్టలేదు. చెయ్యి కొంగుకు రెండువైపులా తుడుచుకుంది. కలం పట్టుకుంది. ఒక్కొక్క అక్షరం ముందు నోటితో పలికి, తరవాత కాగితం మీద పెట్టింది. బుల్లి అసలు పేరు ఆ గదిలో మొదటిసారి ఆమె గొంతులోనే వినిపించింది. బుల్లి తల్లి తల వంచుకుంది. అత్తగారి పేరు ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ పలికి ఎరగదు.

బుల్లి మాత్రం ఆ పుట మీదికి వంగి, తండ్రి పేరున్న గడి పక్కన వేలు ఆనించీ ఆనించనట్టు పెట్టింది.

"రాయించాడమ్మా" అంది.

"రాయించాడు తల్లీ" అంది తల్లి.

కంప్యూటరాయన కిందికి పరుగెత్తి సర్టిఫికెట్టు అచ్చు తీసి తెచ్చాడు. ముద్ర పడింది. "దొరసానిగారూ, ఇదిగోండి" అని కాగితం మొదట ఆమె చేతికే ఇచ్చాడు. గారు అన్నాడు, నేను విన్నాను. ఆమె అది పైకి చదివి, తప్పు లేదని తేల్చుకుని బుల్లికి అందించింది.

"పదకొండూ ముప్పై ఒకటి" అన్నాడు షాపాయన. బుల్లి మెట్లు రెండేసి దిగింది. పెద్దాసుపత్రి అక్కడికి పావుగంట. ఆ పిల్ల ఇవాళ అక్కడ పసిపిల్లల వార్డులో పని చేస్తోంది. పుట్టిన కాగితం నింపేటప్పుడు తండ్రుల చేత పేరు రెండుసార్లు చెప్పిస్తుందట, తాను రాసినది పైకి చదివి వినిపిస్తుందట.

ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక కూడా దొరసాని రిజిస్టరు తెరిచిపెట్టుకుని కూర్చునే ఉంది. పుట మీద మెల్లగా ఊదుతోంది.

"పనయిపోయిందిగా, మూసెయ్యవే" అన్నాను.

"సిరా ఆరనీ అక్కా. తడి మీద మూస్తే ఎదుటి పుటకు అంటుకుంటుంది" అంది. "అక్కడ ఎవరి పిల్ల ఉందో."